ఏ పొద్దుకు ఏ చోటు

కర్మన్‌ఘాట్‌లో కాపురమున్నవాళ్లకు తిండి విషయంలో ఒక సుఖముంది. నగరమూ దగ్గరే, పల్లే దగ్గరే. ఎల్‌బీ నగర్ నుంచి 2018లో మెట్రో మొదలయ్యాక మా కాలనీలో సగం మంది ఆదివారం బిర్యానీ కోసం నగరం లోపలికే పోతున్నారు. నేను బండిని రెండో వైపు తిప్పుతాను. సాగర్ రింగ్ రోడ్డు దాటితే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం. లేదంటే వనస్థలిపురం, హయత్‌నగర్ మీదుగా చౌటుప్పల్. ఏ దారి పట్టినా ఔటర్ రింగు రోడ్డు కింద నుంచి అవతలికి వెళ్లేదాకా నాకు ఆకలి సరిగ్గా మొదలవదు.

‘ఆ దారిలో మంచి హోటల్ పేరు చెప్పండి’ అని మిత్రులు అడుగుతుంటారు. నాకు నచ్చిన చోట్లలో చాలావాటికి పేరు లేదు, బోర్డు లేదు, కొన్నిటికి గోడలు కూడా లేవు. ‘ఎప్పుడు పోవాలి’ అని అడిగితే మాత్రం గంట కొట్టినట్టు చెప్పగలను. పల్లెదారి తిండికి చిరునామా కంటే వేళ ముఖ్యం. పొద్దున ఎనిమిదికి లొట్టలేసుకుంటూ తిన్న చోటే పదకొండింటికి వెళితే కడిగి బోర్లించిన గిన్నెలు కనిపిస్తాయి. అలా కనిపించకపోతేనే అనుమానించాలని నా అభిప్రాయం.

ఈ సంగతి మా ఇంటి దగ్గరే చూడొచ్చు. కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి గుడిని కాకతీయుల కాలంలో రెండో ప్రోలరాజు కట్టించాడని చెప్పుకుంటారు. మంగళ, శనివారాల్లో ఆ వీధి కిటకిటలాడుతుంది. దర్శనం చేసుకుని వచ్చేవాళ్ల కోసం చుట్టుపక్కల టిఫిన్ బండ్లు వెలుస్తాయి. వాటిలో ఏది మంచిదో తెలుసుకోవడానికి రుచి చూడనక్కర్లేదు, ఎన్ని రకాలు చేస్తున్నారో చూస్తే చాలు. ఇడ్లీ, వడ, బోండా, పల్లీ చట్నీ, అల్లం చట్నీ... అంతటితో ఆగే బండి నాది. అదే పెనం మీద మసాలా దోశ, పనీర్ దోశ, ఆ పక్కనే నూడుల్స్ కూడా తిప్పుతున్నారంటే ఆ పిండి ఏ పూట రుబ్బిందో ఆంజనేయస్వామికే తెలియాలి. ఒక గిన్నెడు పిండి తెచ్చుకుని అది అయిపోగానే ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఎక్కడున్నా నేను అక్కడ నిలబడతాను.

లారీ డ్రైవర్లు ఆగే చోట తిండి బాగుంటుందని ఒక నమ్మకం ఉంది. విజయవాడ హైవే మీద ఈ సూత్రం పట్టుకుని వెళ్లినవాళ్లు మోసపోతారు. పెద్ద లారీ నిలబెట్టడానికి స్థలం, స్నానానికి తొట్టి, కాసేపు నడుము వాల్చడానికి నులక మంచం, ఇవి చూసి డ్రైవర్ ఆగుతాడు. కూర సంగతి ఆ తర్వాత. గోడకు ఎడ్లబండి చక్రం వేలాడదీసి, గుమ్మం ముందు కుండలు పేర్చి ‘పల్లె’ అని పేరు పెట్టుకున్న హోటళ్ల గురించి ఏమీ అనను. వాటిలో ఏసీ బాగుంటుంది.

సాగర్ రోడ్డు మీద యాచారం దాటాక మాల్ వస్తుంది. అటు రంగారెడ్డి, ఇటు నల్లగొండ, రెండు జిల్లాల సరిహద్దు ఊరు. మాల్ వారపు సంతకు గొర్రెలు, మేకలు, ఎడ్లు చుట్టుపక్కల మండలాల నుంచి వస్తాయి. సంత రోజున అక్కడ తినాలంటే పొద్దున్నే చేరాలి. కారణం సులువు. తెల్లవారుజామున కోసిన జీవం మాంసం ఎక్కడికైనా ప్రయాణం చేస్తుంది గానీ బోటి, కార్జం, తలకాయ ఆగవు. వాటిని వేడినీళ్లతో కడిగి, గీకి, మళ్లీ కడిగి, పసుపు, ఉప్పు పట్టించి ఆ పూటే పొయ్యెక్కించాలి. నగరంలో బోటి కూర తిని ముఖం చిట్లించుకున్నవాళ్లలో చాలామంది నిన్నటి బోటి తిన్నవాళ్లే. సంతలో దొరికేది ఆ పొద్దుటిది. అందులో నీచు వాసన ఉండదు, వేగిన ఎల్లిపాయ, ధనియాల పొడి వాసన ఉంటుంది. రైతులు బేరం కుదుర్చుకుని, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, అప్పుడు తినడానికి వస్తారు. అమ్మినవాడు మాట్లాడుతూ తింటాడు, కొన్నవాడు జీవాన్ని ఒక కంట కనిపెడుతూ తింటాడు. పది దాటితే గిన్నె అడుగున మిగిలేది షోర్వా మాత్రమే. అది తప్పకుండా అడిగి తీసుకోవాలి.

ఇక్కడి నుంచి మర్రిగూడ వైపు పోయే దారిలో తిండి కన్నా ముందు నీళ్ల సంగతి మాట్లాడుకోవాలి. నల్లగొండ జిల్లా పశ్చిమ భాగమంతా ఫ్లోరైడ్ నేల. తరాల తరబడి బోరునీళ్లు తాగి వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు ఈ పల్లెల్లో చూశాం. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది కూడా. పొద్దంతా మరిగే చాయ్ గిన్నె గురించి, పులుసు గురించి ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ప్రపంచం దాన్ని ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుతోనే ఎరుగును. ఆఫ్రికాలో కూడా వాడి చూశారు. ఒక జిల్లాకు అలాంటి కీర్తి రావడం ఎంత చేదో ఆ జిల్లావాళ్లకే తెలుసు. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్ దగ్గర నిలబెట్టడం ఊరికే జరగలేదు. ఇప్పుడు ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు అందుతున్నాయి. అయినా పాత అలవాటు పోక చాయ్ కొట్టు దగ్గర ‘ఏ నీళ్లక్కా?’ అని అడుగుతాను. ‘క్రిష్ణ నీళ్లే సారూ, బోరుది గాదు’ అని ఆమె కొంచెం కోపంగానే చెబుతుంది.

కల్లు గురించి రాయకుండా నల్లగొండ దారి గురించి రాస్తే గౌడ సోదరులు క్షమించరు. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు 2004లో మూతపడి, తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తెరుచుకున్నందుకు సంతోషమే. కానీ నగరం తాగేంత కల్లు దిగడానికి నగరం చుట్టూ అన్ని చెట్లు ఎక్కడివి? ఆ తేడాను అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు పూడుస్తున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే చెట్టు కనిపించని చోట కల్లు ముట్టను. రామన్నపేట, చిట్యాల వైపు తాటివనాల్లో పొద్దున్నే లొట్టి దించుతుంటే కింద నిలబడి తాగాలి. అక్కడ గడియారం ఇంకా కఠినంగా నడుస్తుంది. చెట్టు నుంచి దిగిన క్షణం నుంచే కల్లు పులవడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, సాయంత్రానికి పులిసి నాలుక మీద గీరుతుంది. ఆ పులుపును ఆపడానికే నీరాను తెల్లవారకముందే దించి చల్లగా దాచుతారు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. మంచి ప్రయత్నమే. సీసాలో తాగినా, మోదుగాకు దొప్పలో తాగినా నీరా నీరాయే అంటారు. నాకు మాత్రం దొప్ప అంచు నుంచి మోచేతి మీదికి కారకపోతే తాగినట్టుండదు. పక్కన గుడాలు ఉండాలి. ఉడికించిన అలసందలో, శనగలో, పైన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి. అంతకు మించి ఏదైనా ఆడంబరమే.

ఏప్రిల్, మేలలో అదే చెట్లు ముంజలిస్తాయి. కాయ చెక్కే కత్తి చప్పుడు విని ఆగండి, పేర్చిన పొట్లాలు చూసి కాదు. చెక్కాక గంట దాటిన ముంజ నీరు వదిలి ముదురుతుంది. వానాకాలం వెళ్లి దసరా దగ్గరపడేసరికి సీతాఫలాల వంతు. రాచకొండ గుట్టల మీద ఎవరూ నాటకుండా పెరిగే చెట్లవి. దోరగా ఉండగా తెచ్చుకుని ఇంట్లో మాగేసుకోవచ్చు. చుట్టుపక్కల తండాల ఆడవాళ్లు గంపలతో రోడ్డు మీదికి తెస్తారు. రేచర్ల పద్మనాయకుల రాజధానిగా వెలిగిన ఆ గుట్ట పేరునే 2016లో మా పోలీసు కమిషనరేట్‌కు పెట్టారు. అలా కర్మన్‌ఘాట్‌లో ట్రాఫిక్ చలానా కట్టినవాళ్లకు రాచకొండ పరిచయమైంది. పండ్ల రుచి పరిచయమైనవాళ్లు తక్కువ.

ఇంత తిరిగాక చెప్పేదేమిటంటే, వీటన్నిటిలోకీ నాకు ఇష్టమైన పల్లె తిండి మా రోడ్డు మీదే దొరుకుతుంది, సాయంత్రం పూట. ఆరు దాటాక చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రింగ్ రోడ్డు దాకా నడిస్తే దారి పొడుగునా జొన్నరొట్టెల పొయ్యిలు కనిపిస్తాయి. ఎక్కువగా దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఆడవాళ్లు. ఊళ్లో పొలం నీళ్లు లేక పడావు పడితే, చేతిలో ఉన్న విద్యను పట్నం తెచ్చుకున్నారు.

ఇది విద్యే. గోధుమపిండిలో సాగే గుణం ఉంటుంది, కాబట్టి చపాతీని కర్రతో ఒత్తితే చాలు. జొన్నపిండిలో ఆ బంక లేదు. మరిగిన నీళ్లు పోసి, అరచేతి మడమతో ముద్దను మళ్లీమళ్లీ అదిమి, లేని బంకను పుట్టించాలి. రొట్టెకు సరిపోయే ముద్దను అప్పటికప్పుడే పిసకాలి, ముందే కలిపి పెట్టుకుంటే కుదరదు. ఆ తర్వాత రెండు చేతులతో తడుతూ ముద్దను తిప్పుతారు. చేయి కొడుతున్నట్టే ఉంటుంది, రొట్టె తనంతట తాను తిరుగుతున్నట్టు ఉంటుంది. అంచు చిట్లకుండా అంత పలచన చేసి, పెనం మీద వేసి, పైవైపు తడిచేత్తో నీళ్లు అద్ది, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఒక్క క్షణం ముందైతే అంటుకుంటుంది, ఆలస్యమైతే పగులుతుంది. చివర నిప్పు సెగకు చూపితే పూరీలా ఉబ్బుతుంది. అది చేస్తూనే రొట్టెలు కొట్టే ఆమె పైసలు తీసుకుంటుంది, ఫోన్లో కూతురితో మాట్లాడుతుంది, వెనక నిలబడ్డవాళ్లలో ఎవరు ముందొచ్చారో గుర్తుపెట్టుకుంటుంది.

ఒకరోజు మా ఆవిడ ఆమెను నిలదీసింది.

‘ఇంట్ల జేస్తే పగుల్తది ఎందుకక్కా?’

‘పిండి ఎన్నొద్దులది?’

‘నెల అయిందనుకుంట.’

‘గందుకే. ఇసిరిచ్చిన పిండి నాలుగొద్దులు దాటితే సావచస్తది. మీరు పొట్లంల పిండి గొంటరు, మల్ల రొట్టెను తిడ్తరు.’

ఈ రొట్టె చుట్టూ మనుషులు చేరడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. ఒకప్పుడు తెలంగాణ మెట్ట ఊళ్లలో జొన్నరొట్టె, గట్క, అంబలి రోజువారీ తిండి. వరి అన్నం పండక్కి, చుట్టాలొస్తే. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక పేదింటి పళ్లెంలో అన్నం రోజూ కనిపించింది. జొన్న తినడం నామోషీ అయింది. జొన్నచేలు పత్తిచేలయ్యాయి. రొట్టె తినే కుటుంబంలో పుట్టి, చదువుకుని, ఉద్యోగం చేసి, కర్మన్‌ఘాట్‌లో ఫ్లాటు కొనుక్కున్నవాడు యాభై దాటాక షుగర్ రిపోర్టు చేతపట్టుకుని ఇప్పుడు రోడ్డు మీద రొట్టె కోసం వరసలో నిలబడుతున్నాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక వరస ఇంకొంచెం పొడుగైంది. పొయ్యి వెనక కూర్చున్న ఆవిడ మాత్రం ఇంటికెళ్లి రేషన్ బియ్యం అన్నమే తింటానని చెప్పింది. పొద్దంతా కొట్టిన రొట్టె తినబుద్ధి కాదట.

ఎవరి దగ్గర కొనాలి అంటారా? తెల్లజొన్న రొట్టె చూడటానికి అందంగా ఉంటుంది, పచ్చజొన్న దొరికితే మాత్రం వదలొద్దు, రుచి దానిదే. ముందే చేసి గుడ్డలో చుట్టి దొంతి పెట్టినవి వద్దు, ఆలస్యమైనా మీ కళ్ల ముందు కొట్టించుకోండి. శనివారం ఒక్కపొద్దులవాళ్లు చాలామంది రాత్రికి రొట్టెలే తింటారు, ఏడున్నరకే పిండి ఖాళీ అవుతుంది, కాబట్టి ఆ రోజు తొందరగా బయల్దేరాలి. కూరలు కూడా పక్కనే చిన్న పొట్లాలుగా అమ్ముతారు గానీ నేను కొనను. ఇంట్లో పుంటికూర పప్పు ఉంటే దాంతో, లేకపోతే ఎల్లిపాయ కారంలో రెండు చుక్కలు నువ్వులనూనె వేసుకుని తింటాను. పచ్చిపులుసులో ముంచుకుని తిన్నా బాగుంటుందని నేనంటాను. అది అన్నంలోకి చేసేది, రొట్టెతో తింటే రెండూ పాడవుతాయని మా ఆవిడ అంటుంది. ఈ విషయంలో మా ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు.