నిండుకున్న డబ్బా, ఖాళీ లేని ఇల్లు

డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరితే "కొండెక్కింది", తాళి తెగితే "పెరిగింది", గడప దాటేవాళ్ళు "వెళ్ళొస్తాను". అశుభం నోట పలకకూడదన్న భయం అది. ఈ మాటలతో మోసపోయేవాళ్ళు లేరు. నిండుకున్నాయంటే కొట్టుకి వెళ్ళాలని పిల్లలకీ తెలుసు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ఇంకో రకం సభ్యోక్తి విన్నాను. గేటుకి టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంది.

"పూర్తి పేరేంటి బాబూ?"

చెప్పాను.

"మేం వెజిటేరియన్లకే ఇస్తాం."

గుడ్డు కూడా తిననన్నాను.

"అలాగా... ఇల్లు ఖాళీ లేదులే, మా చుట్టాలు వస్తామన్నారు."

కులం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

సభ్యోక్తిని మర్యాద అంటాం. ఎవరి మర్యాద కోసమో కూడా అడగాలి. అమ్మ మాట వినేవాళ్ళని దిగులు నుంచి కాపాడేది. ఓనరు మాట ఓనరునే కాపాడింది, నేను నిలదీయడానికి ఒక్క ముక్కా మిగల్చకుండా. అమ్మ ఖాళీ డబ్బాని నిండుకుందంది, ఈయన ఖాళీ ఇంటిని ఖాళీ లేదన్నాడు. రెండింటి అర్థమూ అందరికీ తెలుసు. కాకపోతే రెండోదాన్ని విప్పి చెప్తే, అమర్యాద నాదవుతుంది.