మొగకూ ఒక వాటా

ముదిగుబ్బ సంతలో ఎండుచేపల గంపల దగ్గరికి పోతే నా చెయ్యి ముందు నెత్తళ్ల మీదికే పోతుంది. వేలెడంత చేప. ఒకటి తీసి వంచి చూస్తాను. పుటుక్కున విరిగితే మంచి ఎండ తిన్న సరుకు. మెత్తగా వంగితే లోపల చెమ్మ ఉంది, తొందర్లోనే బూజు పడుతుంది. పసుపు తిరిగిందంటే కొవ్వు చెడినట్టే. పక్కన పారే వెండిచార ఎండాక కూడా మెరవాలి.

ఇంటికొచ్చాక అసలు పని. తల విరిచి మెల్లగా లాగితే నల్లటి పేగు దాంతోపాటే వచ్చేస్తుంది. అది మిగిలితే పులుసు చేదెక్కుతుంది. ఉప్పు పట్టించకుండా తీరంలో ఇసుక మీదే ఆరబోస్తారు కాబట్టి, పొడి పెనం మీద దోరగా వేయించి, గిన్నె అడుగున ఇసుక కనిపించకుండా పోయేదాకా వేడినీళ్లతో కడగాలి. వంకాయ ఉడికి, చింతపండు పులుసు తెర్లాక చివర్లో వేయాలి. ముందే వేస్తే చిదికిపోతుంది. రాగిసంగటికి ఇంతకు మించిన జోడీ లేదు. ముల్లుతో సహా తింటాం కనుక పిల్లల ఎముకలకూ మంచిది.

ఈ చేపకూ మా ఏటికీ సంబంధం ఉంది. మా మద్దిలేరు చిత్రావతిలో, చిత్రావతి పెన్నలో కలుస్తాయి. పెన్న నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రం చేరుతుంది. నెత్తళ్లలో కొన్ని జాతులు, ఏరు సముద్రంలో కలిసే ఇలాంటి మొగల్లోకి వచ్చి మేస్తాయి. ఏరు మోసుకొచ్చే ఒండ్రు సారంతో ఆ నీళ్లలో కంటికి ఆనని జీవులు పెరుగుతాయి, అవే వీటి మేత. అమెజాన్ ప్రాంతంలో వీటి చుట్టం ఒకటుంది, రెండు సెంటీమీటర్లకు మించదు, సముద్రం మొహం చూడకుండా మంచినీళ్లలోనే బతుకుతుంది. మన నెత్తళ్లకు ఉప్పునీరు తప్పదు. అయితే మొగలో వాటి మేత పండాలంటే ఏటినీరూ చేరాలి.

ఆ ఏటినీటిని దారిలో ఆపే ఆనకట్టలున్నాయి: మద్దిలేరు మీద యోగి వేమన జలాశయం, చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయర్, పెన్న మీద సోమశిల. ఇవి వద్దని నేననను. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే మా ప్రాంతంలో, ఊడలు దిగే వేళ వేరుశనగ మాడిపోవడం చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. కానీ సముద్రంలో కలిసిన నీరంతా వృథా అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఆ నీటి మీద బతికే జాలరి కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు ఎండబెట్టిన చేపే కొండలెక్కి మా సంతకొస్తోంది.

ఆయకట్టుకూ తాగునీటికీ లెక్క రాసేటప్పుడు మొగకూ ఒక వాటా రాయండి. కరువుసీమ మనిషిగానే ఇది అడుగుతున్నాను. ఆ లెక్క తేల్చే సమావేశానికి రైతులతోపాటు నెల్లూరు తీరపు జాలర్లనూ పిలవండి.