కొరింథు మాంసం తగాదా

కొరింథులోని క్రైస్తవ సంఘంలో క్రీ.శ. 50ల మొదట్లో లేచిన పెద్ద తగాదాల్లో ఒకటి మాంసం గురించి. గుళ్లలో బలి ఇచ్చిన పశువులో కొంత బలిపీఠానికీ, కొంత పూజారులకూ పోగా మిగిలింది అక్కడి విందుకో, బజారు కొట్లకో చేరేది. దాన్ని విశ్వాసులు తినవచ్చా? అపొస్తలుడు పౌలు ఎఫెసు నుంచి పంపిన జవాబు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాల దాకా సాగుతుంది.

క్రీ.పూ. 146లో రోమన్లు నేలమట్టం చేసిన కొరింథును క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ మళ్లీ నిలబెట్టాడు. రెండు సముద్రాల మధ్య, రెండు రేవులున్న ఊరు కాబట్టి వ్యాపారం బాగా సాగింది. అక్కడ వైద్య దేవుడు ఆస్క్లేపియస్ గుడిని ఆనుకుని మూడు భోజనశాలలు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక్కోదానిలో గోడల వెంట 11 మంది ఒరిగి తినే వీలుంది. అలాంటి చోటికి పిలుపు వస్తే కాదనడం కలిగినవాళ్లకు తేలిక కాదు. మాంసం వాళ్లకు మామూలు తిండి. బీదవాళ్లకు మాత్రం పండగల్లో ఊరందరికీ పంచినప్పుడే దొరికేదనీ, అందుకే వాళ్ల మనసులో మాంసమంటే పూజే మెదిలేదనీ జర్మన్ పండితుడు గెర్డ్ థైసెన్ వాదించాడు. ఈ వాదనతో తగాదా స్వరూపం చాలావరకు తేటపడుతుంది.

తినవచ్చన్నవాళ్లు తమను తెలిసినవాళ్లుగా ఎంచుకున్నారు; వాళ్ల తర్కం సూటిగా ఉంది. దేవుడొక్కడే, విగ్రహంలో ఏమీ లేదు, కనుక దాని ముందు పెట్టిన మాంసం మామూలు మాంసమే. పౌలు ఈ మాటను ఖండించడు, ఒప్పుకుంటాడు. ఆ తర్వాత చూపు తర్కం మీది నుంచి పక్కవాడి మీదికి మళ్లిస్తాడు. నిన్నమొన్నటి దాకా అదే గుడిలో మొక్కినవాడొకడు, సంఘంలో పేరున్న మనిషి లోపల ఒరిగి తింటూ ఉండగా చూస్తాడు. వెనకబడినవాడిలా కనబడటం ఇష్టం లేక తానూ వెళ్లి తింటాడు. మొదటివాడికి అది భోజనం. రెండోవాడికి, పౌలు మాటలో బలహీనుడికి, మళ్లీ పూజ. తన మనస్సాక్షి కాదన్న పని చేసి లోలోపల విరిగిపోతాడు. క్రీస్తు ప్రాణం పెట్టింది ఇతని కోసం కూడా కదా అన్నదే పౌలు అడిగే ప్రశ్న. అవసరమైతే తాను మాంసమే ముట్టనంటాడు.

9వ అధ్యాయం దారి తప్పినట్టు కనిపిస్తుంది గానీ తప్పలేదు. సువార్త చెప్పేవాడికి సంఘం ఖర్చుతో బతికే హక్కుందని గట్టిగా వాదించి, ఆ హక్కును కొరింథులో వాడుకోలేదని పౌలు గుర్తు చేస్తాడు. అక్కడ అతను డేరాలు కుట్టే పని చేసుకున్నాడు. తెలిసినవాళ్లను వదులుకోమన్నది తాను ముందే వదులుకున్న తరహాదే.

అలాగని బలహీనుడి చేతికి పెత్తనం ఇవ్వలేదు. గుడి విందు వద్దంటాడు గానీ, బజారులో అమ్మేది ఆరా తీయకుండా కొని తినమంటాడు. అవిశ్వాసి ఇంటికి పిలిస్తే పెట్టింది తినమంటాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం మానెయ్యమంటాడు. ఈ హద్దు తెలుగు సంఘాల్లో తరచూ చెరిగిపోతుంది. నగల మీదా, సినిమాల మీదా అభ్యంతరం చెప్పేవాళ్లు ఎక్కువగా ముందు వరస పెద్దలే. వాళ్లకు నచ్చకపోవడం వేరు, ఒకరిని చూసి ఇంకొకరు మనస్సాక్షి చంపుకోవడం వేరు. పౌలు బలహీనుడన్నది ఈ రెండో మనిషిని.

తెలుగు విశ్వాసుల ఇళ్లలో ఈ అధ్యాయాలు ఎక్కువగా తెరుచుకునేది పక్కింటి ప్రసాదం దగ్గర. తీసుకోకూడదని కొందరు, ప్రార్థన చేసుకుని తినవచ్చని కొందరు వచనాలు చూపుతారు. ఈలోగా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి ఇద్దరికీ గుర్తురాదు. సంగతి తెలిసిన పొరుగువాళ్లలో కొందరు పూజకు పెట్టకముందే నాలుగు బూరెలు విడిగా తీసి ఉంచి, ఆ మాట చెప్పి మరీ ఇస్తారు.