రాళ్లవాన నష్టం: రెండుసార్లు చూడాల్సిన చేను

వడగళ్ల నష్టాన్ని లెక్కగట్టడంలో మొదటి చిక్కు ఆధారం నిలవకపోవడం. ఈదురుగాలికి కూలిన చెట్టు వారం తర్వాత కూడా అక్కడే ఉంటుంది. వడగళ్లు గంట తిరక్కముందే నీళ్లవుతాయి. 2010 జులైలో అమెరికాలోని సౌత్ డకోటాలో, వివియన్ అనే ఊళ్లో పడిన గడ్డ 20 సెంటీమీటర్ల వెడల్పుతో, సుమారు 880 గ్రాముల బరువుతో ఆ దేశంలో రికార్డుకెక్కింది. ఫ్రీజర్‌లో దాచినా కరెంటు పోవడంతో, తూకం వేసేలోపే అది కొంత కరిగింది.

తెలుగు నేల మీద ఈ వానల కాలం మార్చి నుంచి మే వరకు. ఎండకు కాగిన నేల మీదికి బంగాళాఖాతం తేమ చేరినప్పుడు క్యుములోనింబస్ మేఘాలు నిలువునా పెరుగుతాయి. పైకి తోసే గాలి మోసినంతసేపు గడ్డ పెరుగుతుంది, మోయలేనప్పుడు రాలుతుంది. మేఘం కదులుతూనే రాలుస్తుంది కాబట్టి దెబ్బ సన్నని పట్టీలా పడుతుంది. ఒక ఊళ్లో కంకికి గింజ మిగలదు, పక్క ఊళ్లో చినుకైనా ఉండదు. అందుకే మండల సగటు ఇక్కడ పనికిరాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కూడా వడగళ్లను స్థానిక విపత్తుగా లెక్కించి, ఏ చేనుకు ఆ చేనే చూడాలంటుంది. రైతు 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి.

పట్టీ ఎటు సాగిందో రాడార్ కొంతవరకు చెబుతుంది. వాన చినుకు పడేటప్పుడు అడ్డంగా చదునవుతుంది, వడగల్లు దొర్లుతూ పడుతుంది. అడ్డంగా, నిలువుగా రెండు తరంగాలు పంపే రాడార్ ఈ తేడాను పట్టగలదు. అయితే దూరం పెరిగేకొద్దీ దాని కిరణం నేలకు చాలా ఎత్తున పోతుంది. మేఘంలో కనిపించిన గడ్డ నేల చేరేసరికి కరిగిపోయి ఉండొచ్చు. ఆ లోటును తీర్చగల సాధనం చాలా చవకైనది: అల్యూమినియం రేకు చుట్టిన థర్మోకోల్ పలక. దాని మీది గుంటలు వడగళ్ల సైజును, సంఖ్యను చెబుతాయి. ఊరి బడి ఆవరణలో ఒక్కటి పెట్టినా ఎన్నో వాదనలు తేలిపోతాయి.

వడగళ్లతో పాటు వీచే గాలి జాడ వేరు. 1974లో అమెరికాలో టోర్నడోలు చెలరేగాక వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా విమానం నుంచి అడవిని పరిశీలించారు. కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాక, ఒక బిందువు నుంచి నలుదిక్కులకూ పడి ఉన్నాయి. మేఘం నుంచి కిందికి విరుచుకుపడే గాలి ఉంటుందన్న ఆయన వాదనకు అదే పునాది అయింది.

మొక్కజొన్న చేలో ఈ రెండు దెబ్బలూ పక్కపక్కనే దొరుకుతాయి. గాలి దెబ్బకు మొక్క వేళ్లతో సహా ఒరుగుతుంది, లేదా కణుపు దగ్గర విరుగుతుంది. వడగళ్లు ఆకును పేలికలుగా చీలుస్తాయి, కాండం మీద వాన కొట్టిన వైపునే కమిలిన మచ్చలు వేస్తాయి. లేత మొక్కకు ఎదిగే మొగ్గ ఇంకా నేలలోపలే ఉంటుంది కాబట్టి, చేను చీలికలైనా తేరుకోవచ్చు. మగపూల జల్లు వేసే దశలో ఆకు పోతే దిగుబడి దారుణంగా పడిపోతుంది. ఈ తేడా తెలియాలంటే వారం, పది రోజులు ఆగాలి. వరిలో రాలిన గింజ మర్నాడే కనిపిస్తుంది, కానీ మామిడి కాయ మీది దెబ్బ నల్లబడి కుళ్లడానికి రోజులు పడుతుంది.

పరిహారం మాత్రం ఒక గీత మీద ఆధారపడి ఉంది. విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతేనే సాయం: 2022-26 లెక్కలో హెక్టారుకు వర్షాధార పంటకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, తోటలకు 22,500 రూపాయలు. 2023 మార్చి వడగళ్ల తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది. ఒక్కసారే, అదీ తొందరగా చూసిన అధికారి మామిడి తోట నష్టాన్ని 30 శాతం దగ్గర ఆపేస్తే ఆ రైతుకు ఏమీ రాదు. కాబట్టి మర్నాడు ఫొటోలు, సర్వే నంబరు, పట్టీ హద్దులు రాసుకుని, పదో రోజున అదే చేలో శాతం తేల్చడమే సరైన పద్ధతి. ఆ రెండోసారి చూసే రోజున పట్టాదారుతో పాటు, సాగు చేసిన కౌలు రైతు కూడా గట్టు మీద ఉండాలి.