కరెంటు కోరని ట్రాన్స్‌ఫార్మరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టసీమలలో ట్రాన్స్‌ఫార్మరు నెఱుగని రైతు లేడు. బోరుబావులనే నమ్ముకొని బ్రదుకు పల్లెలలో, పొలముగట్టున రెండు స్తంభముల నడుమ నిలిచి, 11,000 వోల్టులను 415 వోల్టులకు దించి మోటారులకు పంచిపెట్టు ఆ నూనెపెట్టె కాలిపోయినచో, పొట్టకు వచ్చిన వరి యెండిపోకమునుపే దానిని ట్రాక్టరు మీది కెత్తించి మరమ్మతు షెడ్డుకు చేర్చుటకై దాని క్రింది రైతులందఱు చందాలు వేసికొందురు. నాగార్జునసాగరమున, 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట పాదమున, 815.6 మెగావాట్ల సామర్థ్యముగల కేంద్రములో పుట్టిన విద్యుత్తును 2,20,000 వోల్టులకు పెంచి తీగల కెక్కించునదియు ట్రాన్స్‌ఫార్మరే. ఈ రెండింటికిని సగోత్రమైన మఱియొకటి కలదు. అది పిడికిట నిముడును. దానికి నూనె లేదు, ఫ్యూజు లేదు, కరెంటు తగిలింపనక్కఱయే లేదు. వోల్టులో వేయవవంతునకును తక్కువైన సంకేతమును దీసికొని పదింతలో యిరువదింతలో చేసి యిచ్చుటయే దాని పని. రికార్డులు వినువారిలో కొందఱు మాత్రమే యెఱిగిన ఆ పరికరమును గూర్చి కొంత విస్తరించి చెప్పదలచితిని.

రికార్డు గాడిలో నడచు సూదిని మోయు సన్నని కడ్డీకి వెనుక కొనయందు చిన్న అయస్కాంతమును అమర్చి, దాని చుట్టును కదలని తీగచుట్టల నుంచినచో అది మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్. చుట్టలు కదలవు గనుక వానిలో తీగను కావలసినంత చుట్టవచ్చును. మూడు మొదలైదు మిల్లీవోల్టులు సులభముగా లభించును. మూవింగ్ కాయిల్ పద్ధతిలో ఈ యేర్పాటు తలక్రిందులగును: అయస్కాంతము నిశ్చలము, కడ్డీతోపాటు ఊగునది తీగచుట్టయే. ఊగవలసినది తేలికగా నుండవలయును గావున తీగ చుట్లు కొలదిగనే యుండును. చుట్లు తక్కువైనకొలది వోల్టేజియు తగ్గును. డెన్మార్కు దేశపు ఆర్టోఫోన్ సంస్థ 1959లో వెలువరించిన ఎస్.పి.యు. ఇచ్చునది 0.2 మిల్లీవోల్టు మాత్రమే. జపానులో రేడియో ప్రసారముల కొఱకు 1960లనాడు రూపొంది నేటికిని తయారగుచున్న డెనాన్ డి.ఎల్.-103 ఇచ్చునది 0.3 మిల్లీవోల్టు. ఇంతటి సన్నని సంకేతమును సామాన్యపు ఆంప్లిఫయరున కిచ్చి శబ్దమును పెంచబోయిన, పాటకన్న ముందు ‘స్స్’ మను హోరు గది నిండును. ఆ సంకేతమును ముందే పెంచుటకై కార్ట్రిడ్జునకును ఆంప్లిఫయరునకును నడుమ నుంచునదే మన చిన్న ట్రాన్స్‌ఫార్మరు.

మన యిండ్లలో ఈ చిక్కు ఒకప్పుడు లేదు. హెచ్.ఎం.వి. వారి ఫియెస్టా వంటి పెట్టె ప్లేయరులలో నుండిన స్ఫటికపు కార్ట్రిడ్జులు వందలకొలది మిల్లీవోల్టుల నిచ్చెడివి. ట్రాన్స్‌ఫార్మరు ప్రసక్తియే రాలేదు. ఆ సౌకర్యమునకు మూల్యము రికార్డు చెల్లించినది. బరువైన సూది గాడిని అరుగదీసినది. అట్టి ప్లేట్లు నేడు ఎంత మంచి సూదితో విన్నను గరగరలాడును.

ఇక ట్రాన్స్‌ఫార్మరు చేయు మాయయేమి? మాయ యేదియు లేదు, అదియే దాని గొప్పతనము. 1831లో ఫారడే కనుగొన్న సూత్రము ననుసరించి, ఒకే లోహపు దిమ్మె (కోరు) మీద రెండు తీగచుట్టల నుంచి, రెండవదానిలో మొదటిదానికి పదిరెట్లు చుట్లు వేసినచో వోల్టేజి పదింతలగును, ప్రవాహము పదోవంతగును. శక్తి వీసమైనను పెరుగదు. నల్లమల అంచు గ్రామములలో వినవచ్చు పండ్రెండు మెట్ల కిన్నెరను, దానికిగాను 2022లో పద్మశ్రీ నందుకొన్న దర్శనం మొగులయ్య వాద్యమును దలచుకొనుడు: ఎండిన సొరబుర్రలు తీగ కేమియు బలమునీయవు, తీగయొక్క కంపనమును గాలి స్వీకరింపగల రూపమునకు మార్చును. ట్రాన్స్‌ఫార్మరు పనియు నంతియే.

ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. పదింతలు మంచిదైన ముప్పదింతలు మఱింత మంచిది గాదా యని దుకాణములో పెద్ద నిష్పత్తినే యడుగుదురు. కాని ఆంప్లిఫయరుయొక్క 47,000 ఓముల నిరోధము ట్రాన్స్‌ఫార్మరు గుండ చూచినపుడు కార్ట్రిడ్జునకు నిష్పత్తి వర్గముచే భాగింపబడి కనిపించును. 1:10 అయిన 470 ఓములు. 1:20 అయిన సుమారు 117. 1:30 అయిన 52. 1:40 అయిన 29 మాత్రమే. డి.ఎల్.-103 చుట్టయొక్క స్వీయనిరోధము 40 ఓములు. ఎదుటి నిరోధము తగ్గినకొలది కార్ట్రిడ్జు పుట్టించిన వోల్టేజిలో అధికభాగము దాని లోపలనే వ్యయమగును. కావున దాని 0.3 మిల్లీవోల్టు 1:10తో సుమారు 2.8 మిల్లీవోల్టులగును, 1:20తో 4.5 అగును, 1:30తో 5.1 అగును, 1:40కి పోయిన ఆ 5.1 దగ్గఱనే నిలిచిపోవును. అనగా ముప్పది తరువాత చుట్టిన ప్రతి చుట్టును వ్యర్థము, పైగా ఆ భారమున కార్ట్రిడ్జు స్వేచ్ఛగా పలుకజాలక స్వరము మందగించును. నా మతమున నలువది ఓముల కార్ట్రిడ్జునకు 1:10 సరి. శబ్దము కొంచెము తక్కువగా దోచిన ఆంప్లిఫయరు మీట తిప్పికొనవచ్చును. ఎస్.పి.యు. చుట్ట నిరోధము సుమారు 2 ఓములే కనుక దానికి 1:20 గాని 1:30 గాని నిర్భయముగా వాడవచ్చును.

దేవరకొండలోనో కల్వకుర్తిలోనో మోటారు వైండింగు దుకాణము నెదుట కొంతసేపు నిలిచి చూచినవారికి తయారీలోని మర్మము వేఱుగా చెప్పనక్కఱలేదు. కాలిన సబ్‌మెర్సిబుల్ మోటారునుండి పాత తీగను పెఱికి, గేజి కొలిచి, గాడికెన్ని చుట్లో లెక్కించి కాగితము మీద వ్రాసికొని, ఆ లెక్క తప్పకుండ క్రొత్త రాగితీగను నింపు పనివాని శ్రద్ధయే ఇచ్చటను కావలయును. తీగ మాత్రము మిల్లీమీటరులో పదోవంతైనను ఉండదు. ప్రైమరీ, సెకండరీ చుట్టలను వేర్వేఱుగా గాక పొరలు పొరలుగా కలిపి చుట్టుదురు. అట్లు చుట్టనిచో హెచ్చు స్థాయి స్వరములు, తాళముల తళుకు, తప్పిపోవును. కోరునకు పొలములోని ట్రాన్స్‌ఫార్మరులో వాడు సిలికాను ఉక్కు పనికిరాదు. అత్యల్ప సంకేతమునకు అది మేల్కొనదు. నూటికి సుమారు ఎనుబది పాళ్లు నికెల్ గల పర్మల్లాయ్ అను మిశ్రలోహమునే వాడుదురు. దీని సున్నితత్వమెంతటిదనగా, మల్టీమీటరుతో చుట్టల నిరోధమును కొలువబోయిన, ఆ మీటరులోని బ్యాటరీ ప్రవాహమే కోరును అయస్కాంతీకరించి చెఱచును. కార్ట్రిడ్జు చుట్టకును మీటరు పెట్టరాదు.

శత్రువు ఒక్కటే, యాభై హెర్ట్‌జుల ‘గుంయ్’ మను హమ్. రికార్డు కోయునపుడు మంద్రస్వరములను తగ్గించి, వినునపుడు తిరిగి పెంచు ఆర్.ఐ.ఎ.ఎ. పద్ధతి 1954నుండి అమలులో నున్నది. దాని వలన 1,000 హెర్ట్‌జులతో పోల్చిన 50 హెర్ట్‌జుల స్వరము ఏడురెట్లు పెరుగును, దానితో హమ్మును పెరుగును. కావున ట్రాన్స్‌ఫార్మరును అయస్కాంత ప్రభావము నడ్డగించు మ్యూమెటల్ అను లోహపు డబ్బాలో బంధింతురు. అదియు చాలక, ఆంప్లిఫయరు కరెంటు ట్రాన్స్‌ఫార్మరునకును, టర్న్‌టేబుల్ మోటారునకును దూరముగా నుంచి, చేతితో నలుదిక్కులకు మెల్లగా త్రిప్పుచు హోరు సన్నగిలిన వైపున నిలుపవలయును. ట్రాన్స్‌ఫార్మరునుండి ఆంప్లిఫయరునకు పోవు తీగ పొట్టిగా నుండవలయును. మా రాతినేలలో మఱియొక బాధ: ఎర్తింగు గుంత త్రవ్వి, బొగ్గును ఉప్పును నింపి, వేసవిలో నీరు పోయకున్నచో గ్రానైటు భూమి ఎండి ఎర్తు పనిచేయదు. హోరు వచ్చినపుడు వేలు పోసి కొన్న పరికరములను నిందించుటకు ముందు పెరటిలోని గుంతలో రెండు బిందెల నీరు పోసి చూడుట మేలు.

తక్కువ రణగొణతో పనిచేయు ట్రాన్సిస్టరు ప్రీ-ఆంప్లిఫయరులు వచ్చిన పిమ్మట ట్రాన్స్‌ఫార్మరునకు కాలము చెల్లెనని పలువురు తలచిరి. వానిలో మేలైనవి లేకపోలేదు. కార్ట్రిడ్జున కెదురగు నిరోధమును స్విచ్చితో మార్చుకొను సౌలభ్యము వానిదే. అయినను విద్యుత్తు నాశ్రయింపని, రణగొణను తనంతట తాను దాదాపు కలుపని, ఏండ్లకొలది మరమ్మతు కోరని సాధనముగా ట్రాన్స్‌ఫార్మరునకు సాటి లేదని నా తీర్పు. 1974లో వెలువడిన ఘంటసాల భగవద్గీత ఎల్.పి.ని ఇట్లు వినువారికి, శ్లోకమునకును తాత్పర్యమునకును నడుమ ఆయన ఊపిరి తీసికొను తావు సహా స్పష్టమగును. అరిగిన ప్లేటైనచో గీతలును అంతే స్పష్టముగా వినబడును, దానికి సిద్ధపడవలయును. 78 ఆర్.పి.ఎం. ప్లేట్లకు గాడి వెడల్పు గనుక, ఎల్.పి. సూదిని వానిపై పెట్టరాదు. వానికి వేఱు సూది కావలయును.

కొనదలచిన పాఠకులకు నా మనవి ఒక్కటి. బ్రాండు పేరు, వెల, ఇతరుల పొగడ్త, ఇవి యన్నియు తరువాత. ముందుగా మీ కార్ట్రిడ్జుతో వచ్చిన కాగితమును తీసి, అది యిచ్చు మిల్లీవోల్టులను, దాని చుట్ట నిరోధమును, ఈ రెండు అంకెలను వ్రాసికొని, నిష్పత్తి వర్గముతో 47,000ను భాగించి చూడుడు. వచ్చిన ఫలము చుట్ట నిరోధమునకు పదిరెట్లకు తక్కువ కాకున్న ఆ ట్రాన్స్‌ఫార్మరు మీకు తగినది.