తొలిక పిడి, నడుం నొప్పి

మా విడపనకల్లులో ఆడవాళ్లకు పొద్దు మొదలయ్యేదే వంగుడుతో. మంచం దిగగానే కసువు ఊడ్చాలి, కల్లాపి చల్లాలి, ముగ్గు వేయాలి. సద్ది కట్టుకుని ఆటో ఎక్కితే మిరప చేలోనో పప్పుశనగ చేలోనో మళ్లీ వంగుడే.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున లేచేసరికి మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగు ఉండేది అందుకే. ఆ పెరిగిన దాంట్లో సగం దాకా మొదటి గంటలోనే తగ్గిపోతుంది. ఈలోపు వంగితే డిస్కు మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ. లేచిన కొద్దిగంటలు వంగకుండా జాగ్రత్తపడిన వాళ్లకు పాత నడుం నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడి బృందం చూపించింది. ముగ్గు గంట ఆలస్యమైతే అత్తగారు ఊరుకుంటుందా అన్నది వేరే సంగతి.

నడుం నొప్పికి 'కోర్' బలపడాలంటారు. ఆ మాట అనగానే జిమ్ కుర్రాళ్లు అద్దంలో చూసుకునే ఆరు పలకల పొట్ట గుర్తొస్తుంది. అసలు కోర్ అంటే పొట్ట చుట్టూ, పక్కల, వెన్ను వెంబడి ఉండే కండరాలన్నీ. బస్తా ఎత్తే ముందు హమాలీ నడుముకు తువ్వాలు బిగించినట్టు ఇవి వెన్నును లోపలి నుంచి బిగించి పట్టుకుంటాయి. జాతరలో గుండు ఎత్తేవాడి బలం నిమిషం సేపటిది. వెన్నుకు కావలసింది పొద్దుగూకేదాకా నిలిచే ఓపిక.

కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పరిశోధనలు చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పిన మూడు కసరత్తులే నేను చేసేవి. తల, భుజాలు కొంచెమే లేపడం ఒకటి, మోచేతి మీద పక్కకు వాలి నిలవడం ఒకటి. మూడోది చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది. బొంత మీద మోకాళ్లు, అరచేతులు ఆనించి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కు చాపి పది సెకన్లలోపు నిలపాలి. నడుం మీద నీళ్ల గ్లాసు పెట్టి చూడండి, తెలుస్తుంది. కాలు లేచేటప్పుడు తుంటి ఓ పక్కకు ఒరుగుతుంది, నీళ్లు వీపు మీదే. ఒరగనీయకుండా పట్టుకోవడమే కసరత్తంతా. కాలు ఎంత ఎత్తుకు లేచిందన్నది లెక్కలోకి రాదు. నొప్పి కాల్లోకి పాకుతున్నా, తిమ్మిరెక్కుతున్నా మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవాలి.

పక్కింటి అవ్వ గోడ మీంచి చూసి, "ఏం నాయనా, నాలుగు దినాలు కూలికి పోతే సరిపాయ గదా, ఈ బొంత మీద ఏం తిప్పలు?" అంది.

ఆమె మాటలో సగం నిజముంది. చంకన నిండు బిందె పెట్టుకుని నడవడం పక్క కండరాలకు అసలైన కసరత్తు. పట్నం జిమ్ముల్లో డబ్బు కట్టి, ఒంటి చేత్తో ఇనుప గుండు పట్టుకుని అదే నడక నడుస్తున్నారు. కలుపు తీత సంగతి అట్లా కాదు. నడుం పూర్తిగా వంచేస్తే వీపు కండరాలు దాదాపు పని మానేస్తాయి. బరువంతా కండరం వదిలి పూసలను పట్టి ఉంచే లిగమెంట్ల మీద, డిస్కుల మీద పడుతుంది. అంటే రోజంతా వంగినా ఆ వంగుడుతో నడుముకు బలం రాదు, అరుగుదలే మిగులుతుంది. పొద్దంతా కష్టపడే మనిషికి నడుం ఎందుకు పట్టేస్తుందని ఆశ్చర్యపోయేవాళ్లకు ఇదే జవాబు.

కాబట్టి బ్యాంకులో కూర్చునేవాళ్లకు, బైకు మీద గుంతకల్లు, బళ్లారి తిరిగేవాళ్లకు బొంత, గ్లాసు సరే. కూలికి పోయి వచ్చిన ఆడమనిషికి సాయంత్రం ఇంకో కసరత్తు చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమెకు కావలసింది కలుపు తీసే తొలికకు పొడుగు పిడి. కాలిఫోర్నియాలో పొలం కూలీలు పొట్టి పిడి పారలతో నడుములు పోగొట్టుకుని కోర్టుకెక్కితే, 1975లో ఆ పారను నిషేధించారు. పొడుగు పిడి అయితే గురి తప్పి పైరు తెగుతుందని అక్కడి యజమానులు వాదించారు. ఇక్కడి రైతును అడిగినా అదే మాట. నిషేధం వచ్చాక కూడా కాలిఫోర్నియాలో పంటలు బాగానే పండుతున్నాయి.