తలకిందుల నారింజ చెట్లు

ఉద్యానం, వెన్నెల, పిల్లగాలి: వీటిని మన ఆలంకారికులు ఉద్దీపన విభావాలన్నారు. నాయిక ఎదురుగా ఉంటే చాలదు, తగిన సాయంత్రం కూడా కావాలి. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో, డిస్నీలాండ్ జంగిల్ క్రూజ్ పడవలో కూర్చున్నప్పుడు ఆ పాత పాఠం నాకు కొత్తగా అర్థమైంది. ఒడ్డున మర ఏనుగులు తొండాలతో నీళ్ళు చిమ్ముతుంటే పిల్లలు కేరింతలు కొడుతున్నారు. బొమ్మ ఏనుగును నమ్మే వయసు దాటిపోయింది నాకు. దాని వెనక కమ్ముకున్న ఆకుపచ్చని చీకటి ఉందే, దాన్ని నమ్మకుండా ఉండటం మాత్రం నా వల్ల కాలేదు. వెదురాకుల సందుల్లోంచి చిల్లర నాణేల్లా రాలే ఎండ, తడిమట్టి వాసన, మలుపు అవతల ఏముందో చూడనివ్వని కొమ్మలు. గుండె కాస్త ముందుకు వంగి ఎదురుచూసేది ఆ కొమ్మల దగ్గరే. ఏనుగు వచ్చేసరికి నిజానికి పని అయిపోయింది.

ఆ అడవి పుట్టుక మరీ రుచిగా ఉంటుంది. 1954 నాటికి అక్కడున్నవి నారింజ, వాల్‌నట్ తోటలు, 160 ఎకరాలు. 1955 జూలై 17న తలుపులు తెరవాలి. ఏడాదిలో కోట కట్టొచ్చు, అడవిని ఎక్కణ్ణించి తెస్తారు? వాల్ట్ డిస్నీ ఇంటికి తోట వేసిన ఎవాన్స్ అన్నదమ్ములు, జాక్, బిల్, ఈ బరువు నెత్తికెత్తుకున్నారు. ఫ్రీవేల కోసం కొట్టేయబోతున్న చెట్లను వేళ్ళతో సహా పెకలించి తెచ్చుకున్నారు. అవీ చాలలేదు. అప్పుడు, పీకేసిన నారింజ చెట్లనే తలకిందులుగా పాతారు! మెలికలు తిరిగిన వేళ్ళు ఆకాశంలోకి చేతులు చాచి, పేరు తెలియని ఏ ఉష్ణదేశపు కొమ్మల్లాగో నిలబడ్డాయి. వాటి మీదికి తీగలు పాకించారు. భగవద్గీత చెవిన పడ్డ ఎవరికైనా ఇక్కడ తలకిందుల అశ్వత్థం తట్టక మానదు. అక్కడ సంసారమనే మాయకు గుర్తుగా నిలిచిన చెట్టు, ఇక్కడ ఒక వేడుక మాయకు దొడ్డిదారిన వచ్చి చేరింది.

వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు ఈ అడవిని ఒప్పుకోరు. ఏ ఖండాల మొక్కలో పక్కపక్కన నిలబడి నైలు, కాంగో, అమెజాన్ తీరాల వేషం కడతాయి. కడితే ఏం? వీధి భాగవతంలో ఇద్దరు తెర పట్టుకుంటే అంతఃపురం, దించితే అడవి. దాన్ని అబద్ధమన్నవాళ్ళను నేను చూడలేదు.

తెరంటే గుర్తొచ్చింది, పార్కు చుట్టూ ఎత్తుగా ఒక మట్టికట్ట ఉంటుంది. దాని మీద రైలు తిరుగుతుంది, చెట్లు దట్టంగా నిలబడతాయి, బయటి రోడ్లూ కార్లూ లోపలికి కనపడవు. చెరువుకట్ట నీళ్ళను ఆపినట్టు ఈ కట్ట మన మరపును ఆపి ఉంచుతుంది. డిస్నీలాండ్‌లో అన్నిటికన్నా గొప్ప కట్టడం నా లెక్కలో ఇదే. దాని ముందు నిలబడి ఫొటో దిగినవాళ్ళు నాకు కనపడలేదు.

ప్రారంభం దగ్గరపడేసరికి డబ్బు నిండుకుంది, కొన్నిచోట్ల కలుపు తప్ప ఏమీ లేదు. ఆ కలుపు మొక్కలకే లాటిన్ పేర్ల పలకలు పెట్టమన్నాడట డిస్నీ. పలక పెట్టగానే పిచ్చిమొక్క కూడా వంగి చూడదగ్గదైపోయింది. చమత్కారం అంటే అది. 1962లో కట్టిన స్విస్ ఫ్యామిలీ ట్రీహౌస్‌కు మాత్రం ఆ చమత్కారం అచ్చిరాలేదంటాను. కాంక్రీటు మాను, ప్లాస్టిక్ ఆకులు, డిస్నీయోడెండ్రాన్ అంటూ ఒక దొంగ లాటిన్ పేరు. ఎక్కి దిగే పిల్లలకు సరదాయే. ఆకు రాల్చడం తెలియని చెట్టు నాకు మాత్రం సెట్టుగానే మిగిలింది.

బతికున్న చెట్టుతో చిక్కేమిటంటే అది చెప్పిన మాట వినదు. కోట ఎత్తు 77 అడుగులే. పైకి పోయేకొద్దీ కొలతలు తగ్గించి దాన్ని ఇంకా పొడుగని మనల్ని నమ్మిస్తారు. పక్కన చెట్టు ఇష్టమొచ్చినట్టు పెరిగితే ఆ గుట్టు బయటపడుతుంది. స్టోరీబుక్ ల్యాండ్‌లోని బొమ్మరిళ్ళ పక్కనైతే చెట్లను మరుగుజ్జులుగా నిలపడమే ఒక తపస్సు. ఈ రసం వెనక రోజూ ఒక కత్తెర ఉంది.

ఏ వేషమూ వేయని చెట్టు ఒకటుంది, కానరీ దీవుల జాతి ఖర్జూరం. 1896లో ఒక రైతు కుటుంబంలో పెళ్ళికానుకగా వచ్చి అక్కడ వేరూనింది. నేల చేతులు మారినప్పుడు దాన్ని నరకకుండా, పార్కింగ్‌కు కేటాయించిన జాగా నుంచి తవ్వి తెచ్చి అడ్వెంచర్‌ల్యాండ్‌లో నాటారు. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్ళిన అమ్మానాన్నలు ఎందరో ఒక రోజు ఇక్కడ గడుపుతారు. జంగిల్ క్రూజ్ వరసలో కాళ్ళు పీకుతుంటే ఒక్కసారి తలెత్తి ఆ చెట్టును వెతకండి. అది పార్కు కన్నా 59 ఏళ్ళు పెద్దది.